ఎముకకు చోటిచ్చే లోహం

మన సంఘం వైద్య సహాయ విభాగానికి వచ్చే అర్జీలకు ఆపరేషన్ ఎస్టిమేట్ కాగితం జతచేసి ఉంటుంది. బెడ్ చార్జీ, మందులు, మత్తు డాక్టరు ఫీజు వంటివి చదవగానే అర్థమవుతాయి. ‘ఇంప్లాంట్’ అన్న వరుస దగ్గరకు వచ్చేసరికి మాత్రం మా చూపు ఆగిపోయేది. ఒకసారి ఆటో నడుపుకొనే ఒక యువకుడు తన తల్లి తుంటి ఆపరేషన్ కాగితం పట్టుకొని వచ్చాడు. ఆమె స్నానాల గదిలో జారిపడింది, తొడ ఎముక మెడ దగ్గర విరిగింది. కాగితంలో ఒకే వస్తువుకు రెండు ధరలు రాసి ఉన్నాయి. ఎక్కువ ధర పక్కన ‘పోరస్ టైటానియం’ అని ఉంది.

“చాచా, ఆ ఖరీదైనది పెట్టిస్తేనే అమ్మీ నడుస్తుందా? తక్కువది పెట్టిస్తే నేను అమ్మీకి అన్యాయం చేసినట్టా?” అని అడిగాడు.

మా దగ్గర జవాబు లేదు. ఎంత సాయం చేయాలో తేల్చడానికి కూర్చున్న మాకే ఆ డబ్బు దేనికి పోతుందో తెలియదు. దాతలు ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసిన వాళ్లం కదా! ఆ రోజు నుంచి ఈ విషయం మీద వీలైనంత చదివాము, తెలిసిన ఎముకల డాక్టర్లను అడిగాము. అలా తెలుసుకున్నదే ఈ వ్యాసం. ఇది డాక్టరు సలహాకు బదులు కాదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తే చాలు.

ఎముక రాయి కాదు

ఎముక అనగానే మనకు గట్టిగా, ప్రాణం లేకుండా ఉండే వస్తువు గుర్తొస్తుంది. నిజానికి అది చర్మంలాగే, కండరంలాగే ప్రాణమున్న అవయవం. దానికి రక్తం అందుతుంది. అందులో ఒక రకం కణాలు పాత ఎముకను కరిగిస్తూ ఉంటే, మరో రకం కణాలు కొత్త ఎముకను కడుతూ ఉంటాయి. ఈ కూల్చడం, కట్టడం జీవితాంతం ఆగవు.

ఎక్కడ ఎంత కట్టాలో ఎముకకు తెలిసేది దానిపై పడే బరువు వల్లే. బరువు పడిన చోట ఎముక గట్టిపడుతుంది, పడని చోట పలచబడుతుంది. జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ఈ సంగతిని ఒక గ్రంథంగా వెలువరించాడు. అందుకే దీన్ని వోల్ఫ్ నియమం అంటారు. నెలల తరబడి మంచాన పడినవారి ఎముకలు బలహీనపడటానికీ, బరువు తెలియని అంతరిక్షంలో ఉండి వచ్చిన వ్యోమగాముల ఎముకలు పలచబడటానికీ ఇదే కారణం.

ఎముకను అడ్డంగా కోసి చూస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. పైన దట్టమైన గట్టి పెంకు ఉంటుంది. లోపల, ముఖ్యంగా కీళ్ల దగ్గర, స్పాంజిలా గుల్లగా ఉండే భాగం ఉంటుంది. తక్కువ బరువుతో ఎక్కువ బలాన్నిచ్చే ఏర్పాటు ఇది. ఈ గుల్లతనాన్ని గుర్తుంచుకోండి, మన కథంతా దాని చుట్టే తిరుగుతుంది.

టైటానియం ఎందుకు?

శరీరంలో పెట్టే లోహం తుప్పు పట్టకూడదు, శరీరానికి విషం కాకూడదు, బరువు మోయగలగాలి. ఈ మూడూ ఉన్న లోహాల్లో టైటానియం ఒకటి. గాలి తగిలిన క్షణంలోనే దాని మీద అతి పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్లీ వస్తుంది. ఒంట్లోని ఉప్పు నీటి నుంచి లోహాన్ని కాపాడేది ఆ పొరే. దీని బరువు కూడా తక్కువ. ఒక ఘన సెంటీమీటరు స్టీలు దాదాపు 8 గ్రాములు తూగితే, టైటానియం నాలుగున్నర గ్రాములే తూగుతుంది.

ఎముక టైటానియాన్ని పరాయిదానిలా దూరం పెట్టదన్న సంగతి అనుకోకుండా బయటపడింది. 1952లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో పర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు ఎముకలో రక్త ప్రసరణను చూడటానికి కుందేలు కాలి ఎముకలో చిన్న టైటానియం పరికరాన్ని అమర్చాడు. పరిశోధన ముగిశాక దాన్ని తీయబోతే ఊడి రాలేదు. ఎముక దాని చుట్టూ పెరిగి పట్టేసింది. ఎముకా లోహమూ ఇలా నేరుగా అతుక్కోవడాన్నే ఆసియోఇంటిగ్రేషన్ అంటున్నారు. 1965లో ఆయన ఒక మనిషి దవడలో టైటానియం మరలు బిగించి పళ్లు కట్టాడు. ఆ మనిషి 40 ఏళ్లకు పైగా బతికాడు, ఆ పళ్లు ఆయనతోనే ఉన్నాయి. ఈ రోజు మన పట్టణాల్లో కూడా దంత వైద్యులు పెట్టే ఇంప్లాంట్లకు మూలం ఇదే.

బరువు మోసే చోట్ల శుద్ధ టైటానియం కన్నా బలమైన మిశ్రమాన్ని ఎక్కువగా వాడతారు. అందులో సుమారు 90 శాతం టైటానియం, 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి.

బలం ఎక్కువైతే వచ్చే చిక్కు

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఒక వస్తువు బరువు పడితే ఎంత వంగుతుందో, ఎంత వంగకుండా నిలబడుతుందో చెప్పే కొలతను గిగాపాస్కల్‌లలో చెబుతారు. దీన్ని బిరుసుతనం అనుకుందాం. మన ఎముక గట్టి పెంకుకు ఇది సుమారు 10 నుంచి 30 వరకు ఉంటుంది. లోపలి గుల్ల ఎముకకు ఇంకా చాలా తక్కువ. టైటానియం మిశ్రమానికి దాదాపు 110, స్టీలుకు దాదాపు 200, కోబాల్ట్ క్రోమియానికి అంతకన్నా ఎక్కువ. అంటే ఉన్నవాటిలో మెత్తనిదనుకునే టైటానియం కూడా ఎముక కన్నా ఎన్నో రెట్లు బిరుసు.

ఇంట్లో సంసారం బరువంతా పెద్దన్న ఒక్కడే మోస్తే చిన్నవాడికి పని అలవాటు కాదు. లోహమూ ఎముకా పక్కపక్కన ఉన్నప్పుడు జరిగేది అదే. బిరుసైనది బరువంతా తన మీద వేసుకుంటుంది. పక్కనున్న ఎముకకు పని లేకుండా పోతుంది. పని లేని ఎముక వోల్ఫ్ నియమం ప్రకారం పలచబడుతుంది. కొన్నేళ్లకు ఇంప్లాంట్ చుట్టూ పట్టు తగ్గి, వదులై, నొప్పి మొదలయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. రెండోసారి చేసేది మొదటిదాని కన్నా కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. ఒకసారి అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్న కుటుంబానికి ఈ మాట ఎంత భారమో చెప్పనక్కరలేదు.

రంధ్రాలు చేసే రెండు పనులు

ఎముకే గుల్లగా ఉన్నప్పుడు లోహాన్నీ గుల్లగా చేస్తే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన నుంచి వచ్చిందే పోరస్ టైటానియం, అంటే రంధ్రాల టైటానియం.

మొదటి పని, బిరుసు తగ్గడం. గుల్ల వస్తువుల బిరుసు వాటిలో మిగిలిన లోహం వంతును బట్టి వేగంగా పడిపోతుంది. ఇంజనీర్లు వాడే ఒక సులభమైన అంచనా ఉంది. మిగిలిన వంతును దానితోనే గుణించి చూడాలి. సగం లోహం, సగం ఖాళీ అయితే సగంలో సగం, అంటే పావు వంతు బిరుసు మిగులుతుంది. అలా 110 కాస్తా 27 దగ్గరకు వస్తుంది. ఖాళీ 70 శాతమైతే 10 దగ్గరకు దిగుతుంది. రంధ్రాల ఆకారాన్ని బట్టి అసలు లెక్క కొంత మారుతుంది. అయినా దట్టమైన లోహంతో సాధ్యం కాని పని ఇలా సాధ్యమవుతుంది. ఎముకకు దగ్గరగా వంగే లోహం మన చేతికి వస్తుంది.

రెండో పని, ఎముకకు చోటివ్వడం. నున్నటి లోహం మీద ఎముక పైపైన మాత్రమే అతుకుతుంది. రంధ్రాలున్న లోహంలోకి రక్తనాళాలు పాకుతాయి, వాటి వెంట కణాలు వస్తాయి, కణాలు ఎముకను కడతాయి. మర్రి వేళ్లు పాత గోడ సందుల్లోకి దిగి పట్టుకున్నట్టు ఎముక లోహంలోకి దిగి పట్టుకుంటుంది.

అయితే రంధ్రం ఎలా ఉన్నా ఫరవాలేదనడానికి లేదు. రంధ్రం వెడల్పు కనీసం 100 మైక్రాన్లు ఉండాలని పరిశోధకులు చెబుతారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం దాదాపు 100 మైక్రాన్ల లోపు ఉంటుంది. ఎక్కువమంది మెచ్చే కొలత 300 నుంచి 600 మైక్రాన్లు. మరీ చిన్నవైతే రక్తనాళాలు దూరలేవు. మరీ పెద్దవైతే లోహం బలహీనపడుతుంది. ఇంకో ముఖ్యమైన షరతు, రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. తేనెపట్టు గదుల్లా దేనికదే మూసుకొని ఉంటే లోపలికి దారి దొరకదు. స్పాంజిలా దారులు తెరిచి ఉండాలి.

ఈ అల్లిక ఒక్క రోజులో జరిగేది కాదు. వారాలు, నెలలు పడుతుంది. ఆ తొలి రోజుల్లో ఇంప్లాంట్ ఎముకలో కదలకుండా బిగుతుగా ఉండాలి. సుమారు 150 మైక్రాన్ల కన్నా ఎక్కువగా కదులుతూ ఉంటే ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం పెరుగుతుంది, పట్టు దొరకదు. ఆపరేషన్ తరువాత ఎన్ని రోజులు కర్ర పట్టుకోవాలి, ఎంత బరువు వేయాలి అని డాక్టరు చెప్పేది ఇందుకే. ఎంత ఖరీదైన లోహం పెట్టించినా ఆ మాట వినకపోతే ఫలితం చేజారవచ్చు.

ఎలా తయారు చేస్తారు?

పాత పద్ధతిలో సన్నని టైటానియం పూసలను దట్టమైన ఇంప్లాంట్ మీద పరిచి, గాలి లేని కొలిమిలో కరిగిపోనంత వేడిలో ఉంచుతారు. పూసలు ఒకదానికొకటి, కింది లోహానికీ అతుక్కుంటాయి. మధ్య సందులే రంధ్రాలు. టైటానియం కరిగేది 1668 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనుక అంతకు తక్కువ వేడిలోనే ఈ పని జరుగుతుంది.

మరో పద్ధతి మన వంటింటి వస్తువుతో ముడిపడి ఉంది. టైటానియం పొడిలో ఉప్పు రేణువులు కలిపి గట్టిగా నొక్కుతారు. తరువాత నీటిలో ఉంచితే ఉప్పు కరిగిపోయి ఆ చోట్లు ఖాళీ అవుతాయి. మిగిలిన దిమ్మెను కొలిమిలో కాలుస్తారు. ఉప్పుకు బదులు రైతులకు తెలిసిన యూరియా రేణువులు కూడా వాడతారు. రేణువు ఎంతుంటే రంధ్రం అంత, రేణువులు ఎన్ని కలిపితే ఖాళీ అంత.

కొత్త పద్ధతి త్రీడీ ప్రింటింగ్. టైటానియం పొడిని పలుచని పొరగా పరుస్తారు. కంప్యూటర్‌లోని బొమ్మ ప్రకారం లేజర్ లేదా ఎలక్ట్రాన్ కిరణం కావలసిన చోట మాత్రమే పొడిని కరిగిస్తుంది. దాని మీద ఇంకో పొర, మళ్లీ కిరణం. ఇలా పొర మీద పొర పేర్చుకుంటూ పోతే జాలీ పనిలాంటి ఆకారం తయారవుతుంది. ఇలా తయారైన తుంటి గిన్నెను 2007లో ఇటలీలో రోగికి అమర్చారు. రోగి సీటీ స్కాన్ చూసి అతని ఎముకకు సరిపోయే ముక్కను తయారు చేయడం కూడా దీనివల్ల సాధ్యమైంది. పుర్రె ఎముక, దవడ ఎముక కోల్పోయినవారికి, ఎముక క్యాన్సర్‌లో కొంత భాగం తీసేసినవారికి ఇది పెద్ద మేలు.

ఈ లోహానికీ మన నేలకూ సంబంధం ఉంది. శ్రీకాకుళం నుంచి భీమిలి వరకు మన తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మెనైట్ అనే ఖనిజం దొరుకుతుంది. టైటానియానికి మూలం అదే. ఖనిజం నుంచి లోహాన్ని తీసే పరిజ్ఞానాన్ని హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల అభివృద్ధి చేసింది, దాని ఆధారంగా కేరళలోని చవరలో కర్మాగారం వచ్చింది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్ టైటానియం మిశ్రమాలను, వాటితో శరీరంలో పెట్టే ఇంప్లాంట్లను తయారు చేస్తోంది. రాకెట్లకు వాడే లోహమే రోగి తుంటిలోకీ వస్తోంది.

గొప్పలే కాదు, లోపాలూ ఉన్నాయి

మొదటిది, రంధ్రాలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. మనిషి ఏడాదికి లక్షల అడుగులు వేస్తాడు. ప్రతి అడుగూ ఒక దెబ్బే. రంధ్రాల అంచుల దగ్గర సన్నని పగులు మొదలైతే అది పాకే ప్రమాదం ఉంది. అందుకే ఎక్కువ బరువు మోసే తొడ కాడ వంటివాటిలో లోపల దట్టమైన లోహం ఉంచి, ఎముకను తాకే పైభాగాన్ని మాత్రమే రంధ్రాలతో చేస్తారు.

రెండోది, ఇన్ఫెక్షన్. ఎముక కణాలకు చోటిచ్చే రంధ్రాలు సూక్ష్మజీవులకూ చోటివ్వగలవు. అవి ఒకసారి లోపల పొరలా స్థిరపడితే మందులతో తొలగించడం చాలా కష్టం. కనుక ఆపరేషన్‌కు ముందు షుగర్ అదుపులో ఉండాలి, చిగుళ్లు, చర్మం, మూత్రం ఇన్ఫెక్షన్లు తగ్గి ఉండాలి. పొగతాగడం ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తుంది, దాన్ని మానాలి.

మూడోది, తీయవలసి వస్తే తీయడం కష్టం. ఎముక లోపలికి పెరిగాక దాన్ని వేరు చేయాలంటే చుట్టూ ఉన్న ఎముకా కొంత పోతుంది.

నాలుగోది, టైటానియం రాపిడికి ఆగదు. అందుకే కీలులో ఒకదాని మీద ఒకటి జారే భాగాలకు కోబాల్ట్ క్రోమియం, సిరామిక్, గట్టి ప్లాస్టిక్ వాడతారు. ‘మొత్తం టైటానియం కీలు’ అని ఎవరైనా చెబితే ఏ భాగం ఏ లోహమో అడగాలి.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు

తుంటి గిన్నె మార్పిడిలో, వెన్నుపూసల మధ్య పెట్టే పంజరంలాంటి ముక్కల్లో, ఎముక చాలా పోయిన రెండో ఆపరేషన్లలో, గడ్డ తీసేసిన చోట రంధ్రాల లోహం బాగా ఉపయోగపడుతుంది. వయసులో ఉండి, ఎముక ఆరోగ్యంగా ఉండి, ఇంకా ఎన్నో ఏళ్లు నడవవలసినవారికి దీని లాభం ఎక్కువ.

మామూలుగా విరిగిన చేయి, కాలుకు వేసే ప్లేటు, రాడ్డు పని ఎముక అతికేదాకానే. వాటిలోకి ఎముక పెరగాల్సిన అవసరం లేదు. ఎముకలు బాగా గుల్లబారిన వృద్ధుల్లో తొడ కాడను ఎముక సిమెంటుతో నిలపడం ఎన్నో దశాబ్దాలుగా నిలిచిన పద్ధతి. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ 1960ల నుంచి ఈ దారిని బాగు చేశాడు. సిమెంటు అంటే చవకబారు పని అనుకోవడం పొరపాటు. చాలామంది పెద్దవయసు వారికి అదే సరైన వైద్యం.

మమ్మల్ని ఎక్కువగా అడిగే మరో ప్రశ్న, “కీలు మార్చాక నమాజులో సజ్దా చేయవచ్చా, కింద కూర్చోవచ్చా?” అని. దీన్ని తేల్చేది లోహం కాదు. కీలు రూపం, ఆపరేషన్ చేసిన తీరు, రోగి కండరాల బలం బట్టి సర్జన్ చెప్పాలి. పోరస్ కొంటే కూర్చోగలరని ఎవరైనా అంటే నమ్మవద్దు.

సంతకం పెట్టే ముందు

ఎస్టిమేట్ మీద సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి. ఈ రోగికి ఈ రకమే ఎందుకు? సిమెంటుతో పెట్టేది సరిపోదా? ఏ భాగం ఏ లోహం? పెట్టెపై ముద్రించిన గరిష్ఠ ధర ఎంత? మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం పరిమితి పెట్టింది. అప్పట్లో జీఎస్‌టీ కాకుండా మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, టైటానియం వంటి ప్రత్యేక లోహాల రకానికి 76,600 రూపాయలు. తరువాత మార్పులు ఉంటాయి కనుక ఇప్పటి ధర కనుక్కోవాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందికి వస్తుందేమో ముందే విచారించాలి. ఆపరేషన్ అయ్యాక ఇంప్లాంట్ పెట్టెపై ఉన్న స్టిక్కర్, అంటే కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న చీటీ, మీ కాగితాల్లో అతికించి ఇవ్వమనండి. పదేళ్ల తరువాత ఏదైనా ఇబ్బంది వస్తే డాక్టరు మొదట అడిగేది దాన్నే.

ఆ ఆటో నడిపే యువకుడి సంగతి చెప్పి ముగిస్తాము. మా విభాగం నుంచి ఒకరు అతనితో వెళ్లి సర్జన్‌ను మొదటి రెండు ప్రశ్నలూ అడిగారు. సర్జన్ ఎక్స్‌రే చూపించి ఓపికగా చెప్పాడు. ఆమె వయసు 70 దాటింది, ఎముక బాగా పలచబడింది. గట్టిగా దిగ్గొట్టే రంధ్రాల కాడ వల్ల ఎముక చిట్లే ప్రమాదం ఉంది, సిమెంటు కాడే మంచిది అన్నాడు. మిగిలిన డబ్బుతో వాకర్ కొన్నాము, నెలన్నర ఫిజియోథెరపీకి సాయం చేశాము. ఆమె ఇప్పుడు ఇంట్లో నడుస్తోంది. ఆ కొడుకు మనసులో అన్యాయం చేశానన్న బరువు లేదు.

ఆ తరువాత కొంతకాలానికి మరో అర్జీ వచ్చింది. పాత తుంటి కీలు వదులై, గిన్నె చుట్టూ ఎముక కరిగిపోయిన నడివయసు కూలీ ఆయన. అతనికి రంధ్రాల గిన్నె తప్ప మంచి దారి లేదని డాక్టర్లు చెప్పారు. ఈసారి మేము వెనకాడలేదు. మామూలుగా ఇచ్చే మొత్తం కన్నా ఎక్కువే ఇచ్చాము.

రెండు అర్జీల్లోనూ కాగితం మీద ఉన్న మాట ఒకటే. ఒకరికి అది అక్కరలేదు, ఒకరికి అది తప్పనిసరి. ఆ తేడా తెలుసుకొని ఖర్చు పెట్టినప్పుడే దాత ఇచ్చిన డబ్బు చేరవలసిన చోటికి చేరుతుంది. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ఇలాంటి కాగితం ఎవరి చేతిలోనైనా కనిపిస్తే ఈ నాలుగు ముక్కలూ వారికి చెప్పండి. అవసరమైతే ఆసుపత్రికి తోడు వెళ్లండి. సాయం అంటే డబ్బు ఇవ్వడం ఒక్కటే కాదు కదా.